అంచు దాటినవాళ్ళు

తెల్లవారి ఎండకు మకరపురి తూర్పు కోటవాకిలి అప్పుడే తోమిన ఇత్తడి గుండిగలా మెరిసిపోతోంది. బురుజుల మీద ఎర్రపట్టు పతాకాలు, వాటి కింద కొమ్ములు పట్టుకున్న భటులు, వాళ్ళ కింద అంబారీతో సహా ఏనుగు దూరేంత ద్వారం. లోపల నీలిపెంకుల మేడలు, సంపెంగ తోటలు, పన్నీరు చల్లిన రాజవీధులు. అంత సిరిగల నగరంలో ప్రతి ఇంటికీ పడమటి కిటికీ కింద ఒక చిన్న రాతిదొప్ప ఉండేది. కొత్తవాళ్ళు అది పావురాలకు నీళ్ళు పోసే తొట్టె అనుకునేవారు. కాదు, చనిపోయినవాళ్ళకు నువ్వులూ నీళ్ళూ వదిలే దొప్ప. అది లేని ఇల్లు ఆ ఊళ్ళో ఒక్కటీ లేదు.

ఎందుకంటే మకరపురి వాళ్ళ నమ్మకంలో భూమి ఒక పళ్ళెం. ఆ పళ్ళేనికి పడమట అంచు. సముద్రం మీద వెళ్ళిన నావ కనుచూపు దాటిందంటే అంచు మీదినుంచి అగాధంలోకి జారిపోయినట్టే. రేవుమేడ మీద శంఖం ఊదుతారు. ఇంటివాళ్ళు తర్పణం వదిలి గాజులు పగలగొట్టుకుంటారు. వెతకడానికి పడవ పంపడం మహాపాపం, చచ్చినవాడి వెంట బతికినవాణ్ణి తోలినట్టు. ఎవడైనా తిరిగి వచ్చాడా, వాడు మనిషి కాదు, ప్రేతం. వాణ్ణి పేరుపెట్టి పిలిచిన ఇంటికి నిప్పు పెట్టమని శాసనం. ఇలాంటి శాసనాలు రాసేవాళ్ళ ఇళ్ళకు మాత్రం నిప్పు ఎప్పుడూ అంటుకోదు, అదేమి చిత్రమో.

ఆ ఉదయం తూర్పు వాకిట్లో ఇద్దరు పరదేశులు నిలబడ్డారు. ఒకడు గోరింటాకు రంగు గడ్డంతో అత్తరు వర్తకుడు. రెండోవాడు నెత్తిన బుట్టతో కూలివాడు. కావలి భటుడు ఇద్దరినీ ధోవతులు పైకెత్తమని పాదాలు పరీక్షగా చూశాడు. దయ్యాలకు మడమలు ముందుకుంటాయి గదా. వీళ్ళ వేళ్ళు ముందుకే ఉన్నాయి కనుక లోపలికి పొమ్మన్నాడు.

ఆ వర్తకుడే మకరపురి యువరాజు జయకేతుడు. కూలివాడు అతని నావ నడిపిన తండేలు పోలయ్య. ఏడాది కిందట ఇద్దరూ పడమటి రేవులో నావ ఎక్కారు. వాళ్ళ తెరచాప కనుమరుగు కాగానే ఊళ్ళో శంఖం మోగింది. వాళ్ళు మాత్రం ఏ అగాధంలోనూ పడలేదు. పడమటికి, ఇంకా పడమటికి పోయి, నావ పగిలి, పరాయి ఓడలెక్కి, ఎడారులు దాటి, చివరికి తమ ఊరికే తూర్పు గుమ్మంలో వచ్చి తేలారు. భూమి గుండ్రమని యువరాజుకు చిన్నప్పుడే చెప్పిన ముసలి గురువు మిహిరభట్టు మాట అక్షరాలా నిజమైంది.

సంతోషించవలసిన రోజే. కానీ పోలయ్య నెత్తిమీది బుట్టలో, అత్తరు బుడ్ల అడుగున, మూతికి గుడ్డ కట్టిన మట్టిముంత ఒకటి ఉంది. అందులో మహారాజు శూరకేతుడి అస్థికలున్నాయి.

జయకేతుడు పసివాడిగా ఉన్నప్పుడు మహారాజు తుపానులో చిక్కిన బెస్తవాళ్ళను కాపాడబోయి కనుచూపు దాటిపోయాడు. రాణి యశోవతీదేవి స్వయంగా రేవుమేడ ఎక్కి శంఖం ఊదించింది. వెళ్ళి వెతుకుతామని కాళ్ళమీద పడ్డ నావికులను తానే ఆపింది. అంచు అవతలికి ఒక్క తల్లి బిడ్డనైనా పంపనంది. పాపం, దయతోనే అంది. ఆయన మాత్రం చావలేదు. పడమటికే లాగే ప్రవాహంలో కొట్టుకుపోయి ఒక దీవిలో తేలాడు. చిన్నపడవ ఆ ప్రవాహానికి ఎదురు రాలేదు. ఇరవై తెడ్ల నావ రాగలదు. ఆ నావ కోసం ఆయన ఏళ్ళ తరబడి ఎదురుచూసి, పోయిన మాఘమాసంలో కన్నుమూశాడు. కొడుకు అక్కడికి చేరేసరికి చితి చోట గడ్డి కూడా సరిగా మొలవలేదు. ఆయనతో ఉన్న ముసలి నావికులు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు.

"అమ్మగారికి ఈ ముంత సూపించకండి బాబూ" అన్నాడు పోలయ్య, ఎవరూ వినకుండా. "నాన్నగారు ఆ తుపాన్లోనే పోయేరని సెప్పండి. నిజం సెప్పి ముసిలితల్లిని ఏటి సేత్తారు?"

"నేనూ అదే అనుకుంటున్నాను, పోలయ్యా."

ఇద్దరూ బెస్తవీధిలోకి తిరిగారు. దారి కాకపోయినా తిరిగారు. ఒక పూరింటి ముందు తెల్లకోక కట్టుకున్న మనిషి చేపలు ఆరబెడుతోంది. ఆమె నూకమ్మ, పోలయ్య భార్య. తల ఎత్తింది. బుట్ట కింది మొహం చూసింది. చేతిలో చేప జారిపోయింది. నూకమ్మ పేరు పెట్టి పిలవలేదు. లోపల ఇద్దరు పిల్లలున్నారు, పైన తాటాకు కప్పు. ఆమె లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఆకులో అన్నం ముద్ద తెచ్చి, దానిమీద నాలుగు నువ్వులు చల్లి, గుమ్మం బయట పెట్టి, చేతులు జోడించి తలుపు వేసుకుంది.

పోలయ్య గుమ్మం ముందు గొంతుక్కూర్చుని ఆ పిండం మొత్తం తిన్నాడు. ఆకు మడిచి పక్కన పెట్టాడు.

"కొత్తబియ్యం బాబూ. బాగా వొండింది" అన్నాడు. జయకేతుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అంతలో వీధి చివర దండోరా మోగింది. "వినండహో. భూమి పళ్ళెమా, బంతియా అని నేడు కొలువులో వాదం. పళ్ళెమనేది రాజమాత యశోవతీదేవి పక్షం. ఆమె తరఫున మహామంత్రి ధూమజటులవారు మాట్లాడతారు. ఎదురు పక్షం మిహిరభట్టు. ఓడిన పక్షం తెడ్డు లేని తెప్ప ఎక్కి అంచుకు పోవాలహో."

ధూమజటుడు మామూలు మంత్రి కాదు. జడల్లోంచి పొగ వదిలే మాంత్రికుడు. రాజు పోయి, యువరాజు పోయాక సింహాసనానికీ వాడికీ మధ్య ఒక ముసలావిడ, ఆమెకు ధైర్యం చెప్పే ఒక ముసలి గురువు మిగిలారు. ఇప్పుడు గురువు వంతు వచ్చిందన్నమాట.

పరుగు లంకించుకోబోయేంతలో దండోరావాడి చూపు గుమ్మం దగ్గరి ఆకు మీద పడింది. పిండం తిన్న మూతితో పోలయ్య ఎదురుగా ఉన్నాడు. "ప్రేతం, ప్రేతం" అని డప్పు పారేసి అరిచాడు. వాడి వెంట ఉన్న భటుల ఈటెలు లేచాయి. పోలయ్య బుట్టను రొమ్ముకు హత్తుకున్నాడు. ఇద్దరూ వలల గుట్టలు దూకి, కుమ్మరి ఆవం మీదుగా పాకి, ఒక ఈటె తలపాగా ఎగరగొట్టుకుపోతే మరో ఈటెను చేత్తో పట్టి విరిచి, నీళ్ళు తాగుతున్న పట్టపు గుర్రాన్ని జీనైనా లేకుండా ఎక్కి, సంతలో మిరపకాయల రాశి మధ్యగా దౌడు తీశారు. వెనక వస్తున్న భటులు తుమ్ములతో కూలబడ్డారు. గుర్రం సింహద్వారం ముందు ఆగిపోయింది. ఆగక ఏం చేస్తుంది, ఎదురుగా రెండు రాతిసింహాలు ఆవలిస్తూ లేచి నిలబడితే.

వాటికి ప్రాణం పోసినవాడు ధూమజటుడే. జయకేతుడు నడుములో దాచిన కత్తి దూసి మొదటిదాని మెడమీద వేశాడు. కత్తి రెండు ముక్కలైంది. రెండో సింహం పంజాతో అతణ్ణి నేలకు అదిమిపెట్టింది. రోలు వచ్చి రొమ్ము మీద కూర్చున్నట్టుంది.

"వాదం ముగిసేదాకా బతికున్నవాణ్ణి ఎవణ్ణీ లోపలికి వదలవద్దని మా స్వామి ఆజ్ఞ" అంది సింహం.

జయకేతుడు ఊపిరి కూడదీసుకున్నాడు. "మరి చచ్చినవాణ్ణి?"

సింహాలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. రాతి బుర్రలు గదా, ఆ సంగతి తట్టలేదు.

"నేను జయకేతుణ్ణి. నా పేరున శంఖం ఊదారు. మా అమ్మ నువ్వులు వదిలింది. ఈ ఊళ్ళో ఎవర్నయినా అడుగు, చచ్చాననే చెబుతారు."

"నానూ సచ్చినోణ్ణే" అన్నాడు పోలయ్య. "పొద్దుటే పిండం కూడా తిన్నాను."

సింహం పంజా తీసేసింది. ఇద్దరూ లోపలికి పరుగెత్తారు.

కొలువుకూటం స్తంభాలకు పగడపు తీగలు చెక్కి ఉన్నాయి. పైకప్పు నిండా వెండి చేపలు. కింద ఇసుక వేస్తే రాలనంత జనం, సగానికి పైగా తెల్లకోకలే. మధ్యలో ధూమజటుడు ఒక కొయ్యబంతి మీద కలశంతో నీళ్ళు పోస్తున్నాడు. నీళ్ళు కారి నేలపాలయ్యాయి.

"చూశారా. భూమి బంతి అయితే సముద్రం ఇలా కారిపోవాలి. కింది దేశాల జనం గబ్బిలాల్లా వేలాడాలి" అన్నాడు. జనం నవ్వారు.

ఎదురుగా చేతులు కట్టి ఉన్న మిహిరభట్టు గొంతు పీలగా పలికింది. "గ్రహణంనాడు చంద్రుడి మీద పడేది భూమి నీడ. అది ప్రతిసారీ గుండ్రంగానే పడుతుంది. పళ్ళెం నీడయితే ఒక్కసారైనా పుల్లలా సన్నగా పడాలి కదా, మంత్రిగారూ?"

"అది నీడ కాదయ్యా, రాహువు నోరు. నోరు గుండ్రంగా కాక పలకలుగా ఉంటుందా?"

కొలువంతా చప్పట్లు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడితో ఎవరు మాత్రం ఏం వాదిస్తారు? తెరముందు ఆసనం మీద రాజమాత యశోవతీదేవి కూర్చుని ఉంది. తల ముగ్గుబుట్టలా తెల్లబడింది. నవ్వలేదు, చప్పట్లూ కొట్టలేదు.

"ఆ వాదానికి సాక్షిని నేను" అంటూ జయకేతుడు జనాన్ని చీల్చుకుని వచ్చి రంగు గడ్డం పీకి అవతల పారేశాడు. "పడమటి రేవున వెళ్ళాను. తూర్పు వాకిట వచ్చాను. దారిలో అంచు ఎక్కడా లేదు."

రాజమాత లేచి నిలబడింది. రెండు చేతులూ తమంతట తాము ముందుకు వచ్చాయి. అంతలోనే వాటిని వెనక్కి తీసుకుంది. ధూమజటుడు మాత్రం తొణకలేదు.

"తొందరపడకండి, తల్లీ. వీడు సింహద్వారం దగ్గర తాను చచ్చానని తన నోటితోనే చెప్పి లోపలికి వచ్చాడు. నా సింహాలు విన్నాయి. చచ్చినవాడి సాక్ష్యం చెల్లదు. కాదూ, అంచు అవతల మనుషులు బతుకుతారంటాడా, సరే. తమ భర్తగారు ఆ దారినే వెళ్ళారు. ఆయన కనబడ్డారా? అడగండి."

జయకేతుడు అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. నిజం చెబితే తల్లి ఏమవుతుందో తెలుసు. చెప్పకపోతే గురువు ఏమవుతాడో కూడా తెలుసు.

"నాయనా, మీ నాన్నగారు కనిపించారా?" అని అడిగింది రాజమాత. ఆ గొంతులో ఆశ ఉందో భయముందో చెప్పడం కష్టం.

"లేదమ్మా" అన్నాడు. "తుపానులోనే పోయారు."

ఆమె కళ్ళు మూసుకుని మెల్లగా ఊపిరి వదిలింది. ధూమజటుడు చేయి ఊపాడు. భటులు మిహిరభట్టు రెక్కలు విరిచి కట్టారు. ముసలాయన పెనుగులాడలేదు. శిష్యుడి పక్కనుంచి పోతూ ఒక్క క్షణం ఆగాడు.

"మంచిపని చేశావు, నాయనా" అన్నాడు మెల్లగా. "నేను పండిన కాయను. రాలిపోతే పోయేదేముంది? నిజం చెబితే ఆ మాట ఆవిడ బతికినన్నాళ్ళూ మోయాలి."

ఆయనకు ఎలా తెలిసిందో ఏమో. జయకేతుడు ఆయన వెనక రెండడుగులు వేశాడు. మూడో అడుగు పడలేదు. గిరుక్కున తిరిగి, పోలయ్య బుట్ట దింపి, అత్తరు బుడ్లు పారేసి, అడుగున ఉన్న ముంత తీసి తల్లి పాదాల దగ్గర పెట్టాడు.

"అబద్ధం చెప్పానమ్మా. నన్ను క్షమించు."

రాజమాత ముంత వైపు చూసింది. అడగకుండానే అర్థమైంది. అయినా అడిగింది.

"ఎప్పుడు?"

"పోయిన మాఘంలో."

"నేను నువ్వులు వదిలిన పొద్దు ఆయన..."

"ఒడ్డున ఉన్నారట. పగిలిన చెక్కలతో మంట వేసుకుని, ఇటు తిరిగి కూర్చున్నారట. ఇరవై తెడ్ల నావ రేపు వస్తుంది అన్నారట. ఆ మాట చివరిదాకా అంటూనే ఉన్నారట."

జనంలోంచి ఒక ముసలి బెస్తామె ముందుకు వచ్చింది. "మా యప్పడు ఉన్నాడా బాబూ అక్కడ? ఎడమసేతికి ఆరు వేళ్ళు. ఉన్నాడా?" వెనక ఇంకొకతె, "మా తమ్ముడు, నత్తివోడు" అంది. ఇంకెవరో తండ్రి పేరు చెప్పారు. ఏళ్ళుగా గొంతులో తొక్కిపెట్టిన పేర్లన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. జయకేతుడు ఎవరికని జవాబు చెప్పగలడు? ఉన్నవాళ్ళు కొందరే. లేనివాళ్ళే ఎక్కువ.

ధూమజటుడు చేతులెత్తాడు. పొగ పాముల్లా లేచి స్తంభాలను చుట్టుకుంది.

"ఆలోచించుకోండి" అన్నాడు, ఎంతో జాలిగా. "వీడు ప్రేతమయితే మీ వాళ్ళు ఆనాడే సుఖంగా పోయారు. వీడు మనిషయితే మీ వాళ్ళు ఆకలికీ దాహానికీ మాడి చచ్చారు. మీరు ఒడ్డున పిండాలు పెట్టుకుంటూ కూర్చున్నారు. ఏది కావాలో మీరే చెప్పండి."

మాంత్రికుడి మాటల్లో మంత్రం కంటే ఇదే పెద్దది. "ప్రేతమే" అన్నాడొకడు. "ప్రేతమే, వెళ్ళగొట్టండి" అన్నారు పదిమంది. యప్పడి తల్లి కూడా ఏడుస్తూ, "పేతమే బాబూ, వొద్దు, నువ్వు పేతానివే" అంది. ఆమెను తప్పుపట్టడానికి మనసొప్పదు.

రాజమాత వంగి ముంతను ఎత్తి చంకన పెట్టుకుంది. కొడుకు దగ్గరికి వచ్చి, శాసనం ఉండగానే, అందరూ వినేలా "జయకేతూ" అని పిలిచింది. అతని చెంప నిమిరింది.

"వీడు నా కొడుకు. బతికే ఉన్నాడు. కనుక భూమికి అంచు లేదు. కనుక నా భర్తను సముద్రం చంపలేదు. నేను చంపుకున్నాను" అంది. "ఆచార్యుల కట్లు విప్పండి."

కట్లు విప్పారు. ధూమజటుడి పెదవి మీద సన్నని నవ్వు మొలిచింది. వాడికి కావలసింది ఏ పక్షమో ఒకటి ఓడడమే.

"ఆజ్ఞ, తల్లీ. ఓడిన పక్షం తెప్ప ఎక్కాలి. పళ్ళెమనేది తమ పక్షం. నేను తమ నోటిని మాత్రమే."

జయకేతుడు వాడి మీదికి దూకాడు. చేతికి పొగే చిక్కింది. మిహిరభట్టు "వద్దు మహారాణీ, నేనే పోతాను" అని కొంగు పట్టుకున్నంత పని చేశాడు. ఆమె వినలేదు. వినే స్థితిలోనూ లేదు. ముంత చంకన పెట్టుకుని, బిడ్డనెత్తుకుని వీధిలోకి వచ్చిన ఇల్లాలిలా రేవు మెట్లు దిగింది. జనం తోవ ఇచ్చారు.

"అమ్మా, నీకు పక్షమేమిటి, ఓటమేమిటి. ఇది వాడి మాయ. ఆగు" అని కొడుకు అడ్డం నిలిచాడు.

"ఆనాడు పంపని నావ, నాయనా. ఇప్పుడు నేనే ఎక్కుతున్నాను. అక్కడ ఇంకా కొందరున్నారన్నావు గదా. ఎవరో ఒకరు వచ్చారని వాళ్ళకు తెలియనీ."

ఆమె తెప్ప మీద కూర్చుంది. ధూమజటుడు కన్ను చికిలించగానే మోకు దానంతట అదే తెగింది. ప్రవాహం తెప్పను చేప నోట పట్టుకున్నట్టు పట్టుకుని పడమటికి ఈడ్చింది. జయకేతుడు దగ్గరి నావ మీదికి ఉరికాడు. రేవులోని మోకులన్నీ బుసలుకొట్టే నల్లపాములై లేచాయి. విరిగిన కత్తి ముక్కతో నరుకుతూ, కాళ్ళకు చుట్టుకున్నవాటిని పళ్ళతో కొరికి విదిలిస్తూ ఒక నావను విడిపించాడు. పోలయ్య తెరచాప ఎత్తి చాపకొయ్య మీదికి ఎగబాకాడు. జయకేతుడు రెండు తెడ్లూ అందుకున్నాడు. పాములు నీళ్ళలో పడి నావ వెంట ఈదుకొస్తున్నాయి.

"కనిపిస్తోందా పోలయ్యా?"

"కనపడతన్నారు. తెప్ప సెక్కలు మునిగినట్టున్నాయి బాబూ... మునగనేదు. అమ్మగారి వొళ్ళో ముంత కనపడతన్నాది."

జయకేతుడు చేతులు బొబ్బలెక్కేలా తెడ్లు వేశాడు. ఒక పాము నావ అంచు పట్టుకుని పైకి పాకింది. దాన్ని తెడ్డుతో కొట్టి మళ్ళీ లాగాడు.

"ఇప్పుడు?"

"ముంత నేదు. తల కనపడతన్నాది. తెల్లగా."

వెనక రేవుమేడ మీద శంఖం మోగింది. మకరపురి రాజమాత చనిపోయిందని ఊరంతటికీ చాటింపు. జయకేతుడి తెడ్లు ఒక్కసారి ఆగిపోయాయి. మెడ ఎత్తి కొయ్య మీదికి చూశాడు. పోలయ్య పడమటి వైపే చూస్తున్నాడు.

"అమ్మగారు ఇంక కనపడ్డం నేదు బాబూ" అన్నాడు చివరికి. "ఉన్నారు. తెడ్డెయ్యండి."